పూల బూట్లు నిలబెట్టి కాదు, వంచి చూసి కొనండి

ప్రశ్న: రోజూ బస్సు స్టాపు దాకా ఇరవై నిమిషాలు నడిచి వెళ్తాను, సాయంత్రం మళ్ళీ అంతే నడక. కిందటి వానాకాలం మొదట్లో తెల్లటి బూట్ల మీద ఎర్రటి పూలున్న పొడుగు రెయిన్ బూట్లు కొన్నాను. మూడు నెలలు తిరక్కుండానే వేళ్ళ పైభాగంలో పూలన్నీ పగిలి పెచ్చులు ఊడాయి. మడమ లోపల జారుతోంది, పై అంచు పిక్కను ఒరుస్తోంది. మా అక్క "డిజైన్లున్నవన్నీ అంతే, నల్లవి కొనుక్కో" అంటోంది. నాకు నల్లవి వద్దు. అందంగా ఉండి కొన్నేళ్ళపాటు నిలిచేవి ఎలా ఎంచుకోవాలి? నా పాదం పొడవు 23.6 సెంటీమీటర్లు, పిక్క చుట్టుకొలత 39. పాత బూట్ల సైజు కూడా 39. ఇప్పుడు మూడు జతలు చూసి పెట్టుకున్నాను. ఒకటి ముదురు నీలం మీద చిన్న తెల్లపూలున్న రబ్బరు బూట్లు, మోకాలి కిందిదాకా వస్తాయి. రెండోది అద్దంలా మెరిసే పెద్ద ఆకుల పీవీసీ బూట్లు, పిక్క సగం దాకా. మూడోది లేత గోధుమరంగు మీద నీటిరంగులు జల్లినట్టున్నవి, పక్కన జిప్పు ఉంది. ఏది తీసుకోమంటారు? పాత జతను పారేయడమేనా?
(ఒక పాఠకురాలు)

సమాధానం: మీ అక్కగారి మాట సగమే నిజం. డిజైన్ ఉన్నంత మాత్రాన బూటు త్వరగా పాడైపోదు. ఆ డిజైన్‌ను బూటు మీద అతికించారా, బూటు లోపల పొదిగారా అన్నదాన్ని బట్టి దాని ఆయుష్షు ఉంటుంది. దుకాణంలో అరమీద నిలబెట్టిన బూటు ఏదైనా బాగానే కనిపిస్తుంది. చేతిలోకి తీసుకుని వంచితేనే అసలు సంగతి తెలుస్తుంది.

ముందు మీ పాత బూట్లకు ఏమైందో చూద్దాం. పూలు పగిలింది వేళ్ళ మొదళ్ళ దగ్గర, అంటే అడుగు తీసి అడుగు వేసిన ప్రతిసారీ బూటు మడతపడే చోట. మనిషి మామూలుగా నిమిషానికి వంద అడుగుల దాకా వేస్తాడు. మీ ఇరవై నిమిషాల నడకలో రెండు వేల అడుగులు, అందులో ఒక్కో కాలికి వెయ్యి. రానూ పోనూ కలిపితే ఒక్కో బూటు రోజుకు 2000 సార్లు వంగుతోంది. అరవై పనిదినాలకు ఇది 1,20,000 సార్లు అవుతుంది. వంగిన ప్రతిసారీ మడత పైభాగంలో ప్లాస్టిక్ సాగుతుంది, పక్కనే లోపలికి నొక్కుకుంటుంది. అది సాగినంతగా పైనున్న సిరా పొర సాగలేదు. మొదట వెంట్రుకవాసి గీతలు పడతాయి. ఆ గీతల్లోంచి నీళ్ళూ మట్టీ పొర కిందికి దూరతాయి. ఇక అక్కడినుంచి పెచ్చులు లేవడమే.

మీ విషయంలో దీనికి సైజు కూడా తోడైంది. యూరోపియన్ సైజు అంకెను రెండుతో హెచ్చించి మూడుతో భాగిస్తే బూటు తయారుచేసే కాలి అచ్చు పొడవు సెంటీమీటర్లలో వస్తుంది. 39 సైజుకు అది 26 సెంటీమీటర్లు. మీ పాదం 23.6. అంటే 2.4 సెంటీమీటర్ల ఖాళీ. వేళ్ళ ముందు ఒకటి, మహా అయితే ఒకటిన్నర సెంటీమీటరు ఖాళీ ఉంటే చాలు. అంతకు మించితే మడమ జారడం ఒక్కటే కాదు, మీ పాదం వంగే చోటూ బూటు వంగాల్సిన చోటూ కలవవు. వేళ్ళ ముందున్న ఖాళీ డొప్ప పదునుగా మడతపడుతుంది. మడత ఎంత పదునైతే సిరా అంత త్వరగా పగులుతుంది. మీకు 37 సరిపోతుంది, దాని అచ్చు పొడవు 24.67. మందపాటి సాక్సులు వేసుకునే అలవాటుంటే 38 తీసుకుని లోపల ఇంకో పలుచని ఇన్‌సోల్ వేసుకోండి. రెయిన్ బూట్లలో అరసైజులు దాదాపు దొరకవు, అందుకే ఈ సర్దుబాటు.

ఒక్కో తయారీదారు అంకె ఒక్కోలా వేస్తాడు కాబట్టి అంకెను పూర్తిగా నమ్మకండి. లోపలి ఇన్‌సోల్ ఊడి వచ్చేదైతే బయటికి తీసి నేలమీద పెట్టి, వానలో వేసుకునే సాక్సులతోనే దానిమీద నిలబడండి. మడమను వెనక అంచుకు ఆనించాక ముందు వేలెడు వెడల్పు మిగలాలి, పక్కలకు పాదం పొంగి బయటికి రాకూడదు. పాదాలు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి, అందుకని కొలతలన్నీ సాయంత్రం తీసుకోండి.

ఇప్పుడు డిజైన్ సంగతి. బూటు మీదికి డిజైన్ రావడానికి ముఖ్యమైన దారులు నాలుగున్నాయి. వీటిని గుర్తుపట్టడం వస్తే సగం పని అయిపోయినట్టే.

అన్నిటికన్నా చవకైన పద్ధతి, తయారైన బూటు మీద పైపైన రంగు అచ్చువేసి దానిమీద పారదర్శకమైన వార్నిష్ పూయడం. మీ పాత బూట్లు బహుశా ఇవే. వేలి కొసను పువ్వు మీదినుంచి ఖాళీ చోటుకు మెల్లగా జరిపితే అంచు దగ్గర చిన్న గట్టు తగులుతుంది. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే పువ్వు ఒకలా, ఖాళీ చోటు ఇంకోలా మెరుస్తాయి. రెండో పద్ధతిలో డిజైన్ ఉన్న పలుచని పొరను బూటు మొత్తానికి వేడితోనో నీటితోనో ఎక్కిస్తారు. ఇందులో గట్టు తగలదు, కానీ ముక్కు దగ్గరా మడమ వంపు దగ్గరా బొమ్మ సాగిపోయి ఉంటుంది. గుండ్రని చుక్క కోడిగుడ్డులా మారిందంటే అక్కడ పొరను లాగి అతికించారన్నమాట. అప్పటికే సాగిన పొర వంగే చోట ముందుగా తెగుతుంది.

మూడో పద్ధతి నాకు బాగా నచ్చినది. డిజైన్ అచ్చువేసిన గుడ్డ లోపల ఉంటుంది, దానిమీద పారదర్శకమైన పీవీసీ పోస్తారు. అంటే మీరు చూసే ఆకు ప్లాస్టిక్ లోతులోంచి కనిపిస్తుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. బూటు పై అంచును కళ్ళ దగ్గరగా పెట్టుకుని కోత వైపు చూడండి. బయట ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన గాజులాంటి పొర, దాని లోపల గుడ్డ పోగులు విడివిడిగా కనిపిస్తాయి. గీతలు పడితే ఆ గాజు పొర మీద పడతాయి గానీ పువ్వుకు ఏమీ కాదు. దీనికీ బలహీనతలున్నాయి. ఎండలో ఎక్కువగా ఉంచితే పారదర్శకమైన పీవీసీ పసుపుబారుతుంది, లేత రంగులన్నీ పాతబడినట్టు కనిపిస్తాయి. లోపల తడి ఆరకపోతే గుడ్డకు పట్టిన బూజు మరకలు బయటికి కనబడతాయి, వాటిని బయటినుంచి ఎంత తుడిచినా పోవు.

నాలుగోది, రంగు బూటు పదార్థంలోనే కలిసి ఉండటం. రెండు రంగుల రబ్బరు ముక్కలు కలిపిన చారలు, పాలరాతిలా కలగలిసిన రంగులు, అచ్చులోనే పడిన ఉబ్బెత్తు గళ్ళు, అల్లికలు ఈ కోవకే వస్తాయి. వీటిలో ఊడేది ఏమీ లేదు. పూలు రావు గానీ, ఒకే రంగులో ఉబ్బెత్తు అల్లిక ఉన్న బూటు దగ్గరినుంచి చూస్తే చాలా హుందాగా ఉంటుంది. సాదా బూటు వద్దు, గోల డిజైన్ వద్దు అనుకునేవాళ్ళు దీన్ని తప్పక చూడాలి.

దుకాణంలో చేయాల్సిన పరీక్షలు పట్టుమని ఐదు నిమిషాలు పట్టవు. బూటును రెండు చేతుల్తో పట్టుకుని ముక్కును పైకి, నడిచేటప్పుడు వంగినంత వంచి, పది దాకా లెక్కపెట్టి వదలండి. వదిలాక మడతపడిన చోట తెల్లటి గీతలు మిగిలితే ఆ జత పక్కన పెట్టేయండి. కొత్తలోనే మిగిలిన గీత నెల తిరిగేసరికి పగులవుతుంది. తర్వాత తెల్లటి రుమాలును తడిపి, పై అంచుకు లోపలి వైపుగా కనబడని చోట డిజైన్ మీద ఇరవైసార్లు రుద్దండి, రుమాలుకు రంగు అంటకూడదు. సోలు పైభాగానికి అతుక్కునే గీత వెంట వేలితో ఒక చుట్టు తిరగండి. అక్కడ సిరా పొర తెగి అంచు లేచి ఉంటే నీళ్ళు మొదట దూరేది అక్కడే. చివరగా రెండు బూట్లనూ పక్కపక్కన పెట్టి వెనకవైపు నుంచి చూడండి. మంచి పనితనం ఉన్నచోట వెనక అతుకు దగ్గర తీగ తెగకుండా కొనసాగుతుంది, ఎడమా కుడీ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉంటాయి. పెద్ద పువ్వును అతుకు దగ్గర సగానికి నరికేసిన జతలో మిగతా పనిమీద కూడా అంతే శ్రద్ధ పెట్టి ఉంటారు.

ఆన్‌లైన్‌లో కొంటే ఇవన్నీ ఇంటికొచ్చాక చేయాలి. ఇంట్లో శుభ్రమైన గుడ్డ పరిచి దానిమీదే నడిచి చూడండి. సోలుకు మట్టి అంటితే వెనక్కి తీసుకోరు.

ఇక పదార్థం. లోపల అతికించిన యూరప్ గుర్తుల్లో చతురస్రాన్ని మూలమీద నిలబెట్టినట్టున్న బొమ్మ ఉంటే అది "ఇతర పదార్థాలు" అని మాత్రమే చెబుతుంది. తోలూ కాదు, గుడ్డా కాదు అని అర్థం. రబ్బరుకూ అదే గుర్తు, పీవీసీకీ అదే గుర్తు. కాబట్టి చేత్తోనే పోల్చుకోవాలి. బూటు ముందూ వెనకా నడిమధ్యన పైనుంచి కిందిదాకా సన్నటి గీత ఉబ్బెత్తుగా నడిస్తే అది రెండు ముక్కల అచ్చులో పోసిన పీవీసీ. సహజ రబ్బరు బూటును రబ్బరు పట్టీలు ఒకదానిమీద ఒకటి అతికించి తయారుచేస్తారు గనక ఆ గీత ఉండదు. దాని బదులు ముక్కు దగ్గరా మడమ దగ్గరా పట్టీల అంచులు మెట్లుగా కనిపిస్తాయి. చేతిలో బరువుగా ఉంటుంది, మోకాలి కింది జత సుమారు రెండు కిలోలు తూగుతుంది, పైభాగం పిడికిట్లో మెత్తగా నలుగుతుంది. ఈవీఏ అనే నురగలాంటి ప్లాస్టిక్ బూటు థర్మాకోలులా తేలిగ్గా ఉంటుంది. దాని సోలు తొందరగా అరుగుతుంది, చీలితే అతకడం కష్టం, రోజుకు నలభై నిమిషాల నడకకు నేను దాన్ని సూచించను.

రబ్బరు మెత్తగా వంగుతుంది, చలిలోనూ బిగుసుకోదు. పీవీసీని మెత్తబరిచే నూనెలాంటి పదార్థం ఏళ్ళు గడిచేకొద్దీ బయటికి పోతుంది, బూటు గట్టిపడి చివరికి మడత దగ్గరే చీలుతుంది. అలాగని రబ్బరుకు లోపాలు లేవనుకోకండి. ఎండ, గాలిలోని ఓజోన్ కలిసి దాన్ని పగలగొడతాయి, ముఖ్యంగా మడతపెట్టి దాచితే మడత మీదే పగులుతుంది. కొన్నాళ్ళు వాడకపోతే పైన బూడిద చల్లినట్టు తెల్లటి పొడి తేలుతుంది. చాలామంది దాన్ని బూజనుకుని బూటు వెనక్కి ఇచ్చేస్తారు. చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో పేటెంటు పొందిన పద్ధతిలోనే ఇప్పటికీ రబ్బరులో గంధకం కలిపి వేడిచేస్తారు. అందులో మిగిలిన గంధకమో, పగుళ్ళు రాకుండా కలిపిన మైనమో పైకి తేలితే ఆ తెలుపు వస్తుంది. తడిగుడ్డతో తుడిచి, కాస్త సిలికాన్ స్ప్రే మెత్తటి గుడ్డమీద కొట్టి రుద్దితే పోతుంది. స్ప్రే సోలుకు మాత్రం తగలనివ్వకండి, జారి పడతారు. ముదురు నీలం, నలుపు మీద ఈ తెలుపు కొట్టొచ్చినట్టు కనబడుతుంది, చిన్న తెల్లపూలున్న బూటు మీద అంతగా తెలియదు.

పిక్క ఒరుసుకోవడానికి కారణం ఎత్తు, చుట్టుకొలత రెండూ. మీ పిక్క 39 సెంటీమీటర్లయితే పొడుగు బూటు పై చుట్టుకొలత కనీసం 41 ఉండాలి, ప్యాంటు లోపలికి దోపితే 42. అంతకన్నా మరీ వెడల్పైనా తిప్పలే. అడుగడుక్కీ అంచు కాలికి టపటపా కొడుతుంది, కోటు మీదినుంచి జారిన నీళ్ళు గరాటులో పోసినట్టు నేరుగా లోపలికే పోతాయి. ఇంకో మార్గం బూటు ఎత్తు తగ్గించడం. నేలనుంచి మీ పిక్క బాగా లావైన చోటుదాకా టేపుతో కొలవండి. బూటు పై అంచు దానికి మూడు నాలుగు సెంటీమీటర్లు కిందే ఆగాలి. సరిగ్గా లావు చోట ఆగే బూటు, ఎంత ఖరీదైనదైనా, గీరుతుంది.

వేసుకుని నడిచినప్పుడు మడమ ఒక సెంటీమీటరు దాకా లేస్తే తప్పు లేదు, లేసులు లేని బూటులో అది సహజం. అంతకు మించితే పాదం పైభాగం దగ్గర బూటు వదులుగా ఉందన్నమాట. మెట్లు దిగి చూడండి, వేళ్ళు ముందుకు గుద్దుకోకూడదు.

అందం గురించి అడిగారు గనక సోలును మరిచిపోతారేమోనని నా భయం. బూటు తిప్పి చూడండి. గాడుల లోతు నాలుగు మిల్లీమీటర్లు ఉంటే మంచిది. అవి పక్కలకు తెరుచుకుని ఉండాలి. కాలు మోపినప్పుడు కిందున్న నీళ్ళు ఆ దారుల్లోంచి బయటికి చిమ్మితేనే రబ్బరు నేలను తాకుతుంది. పువ్వు ఆకారంలో మూసుకుపోయిన గుంటలున్న సోలు చూడముచ్చటగా ఉంటుంది గానీ నీళ్ళు బయటికి పోయే దారి ఉండదు. గోటితో నొక్కితే కొద్దిగా దిగాలి. గాజుపెంకులా గట్టిగా ఉన్న సోలు తడి నున్నటి గచ్చుమీద జారుతుంది. పనిచేసేవాళ్ళ బూట్లమీద ఐఎస్‌ఓ 20347 (పని బూట్ల అంతర్జాతీయ ప్రమాణం)తో పాటు ఎస్‌ఆర్‌సీ అనే పాత జారుడు పరీక్ష గుర్తు (2021లో ప్రమాణం మారినప్పుడు దాన్ని తీసేశారు) ఉంటే, సబ్బునీళ్ళు పోసిన టైలుమీదా గ్లిజరిన్ పూసిన ఉక్కుమీదా పరీక్షించారని అర్థం. ఫ్యాషన్ బూట్ల మీద ఈ ముద్ర అరుదు. ఉన్నది దొరికితే వదలకండి.

మీ మూడు జతల్లో జిప్పుది వద్దు. జిప్పు మొదలైన ఎత్తుదాకానే దానికి నీళ్ళు ఆగుతాయి, అంతకన్నా లోతైన గుంటలో దిగితే సాక్సు తడుస్తుంది. పైగా జిప్పు బొమ్మను నిలువునా రెండు ముక్కలు చేస్తుంది. లేత గోధుమరంగు మీద బురద చుక్కలు ఎలాగూ కనిపిస్తాయి, అవి కడిగితే పోతాయి. కొత్త జీన్సు ప్యాంటు నీలం అంటితే మాత్రం అది పీవీసీలోకి ఇంకిపోయి ఇక వదలదు. లేతరంగు మీద మనసున్నవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాల్సింది బురదతో కాదు, ఈ జీన్సు రంగుతో.

నా ఓటు రెండోదానికి. అది పిక్క సగం దాకానే వస్తుంది కాబట్టి మీ ఒరుపు తీరుతుంది, రోజూ మోసుకు తిరగడానికి పొడుగు రబ్బరు జతకన్నా తేలిక. ఆ అద్దంలాంటి మెరుపు చూస్తే డిజైన్ పారదర్శకమైన పొర కిందే ఉందనిపిస్తోంది. పై అంచు కోత చూసి నిర్ధారించుకోండి. గుడ్డా గాజు పొరా విడివిడిగా కనబడకపోతే, అది పైపైన పూసిన మెరుపే. అప్పుడు మొదటి జతకు వెళ్ళండి. దాని పై చుట్టుకొలత 41 ఉండి, వంపు పరీక్షలో గీతలు మిగలకపోతే అది మీకు ఎక్కువ ఏళ్ళు సేవ చేస్తుంది. చిన్న పువ్వు ఎంపికకు ఇంకో లాభం ఉంది. చిన్న పూల మధ్య ఒకటీ అరా రాలినా కన్ను దాన్ని పట్టుకోదు. పెద్ద పువ్వు రేక ఒకటి పోతే దూరం నుంచే తెలిసిపోతుంది. చీరకట్టు మీద, కుర్తా మీద ఇప్పటికే పెద్ద పూలుంటే బూట్లకు చుక్కలు, సన్నటి చారలు బాగుంటాయి. రెండూ పెద్ద పూలైతే ఒకదాన్నొకటి మింగేస్తాయి.

ఇంటికి రాగానే మామూలు నీళ్ళతో కడిగి, ఇన్‌సోల్ బయటికి తీసి, లోపల పాత న్యూస్ పేపర్ ఉండలు కూరండి. గంటకల్లా తడిసిన కాగితం తీసేసి పొడిది పెట్టండి. నీడలో నిలబెట్టి ఆరనివ్వండి, హెయిర్ డ్రయ్యరూ పొయ్యి పక్కనా వద్దు, అతుకులు వదిలేస్తాయి. లోపల పూర్తిగా ఆరడానికి ఒక్కోసారి రోజంతా పడుతుంది, అందుకే వీలైతే రోజు విడిచి రోజు వేసుకోండి. దాచేటప్పుడు కాగితం చుట్టలు నిలువుగా పెట్టి నిటారుగా ఉంచండి. రబ్బరు బూట్లకు నూనె, వాజలీన్ రాయకండి, రబ్బరు వాటిని పీల్చుకుని ఉబ్బుతుంది. రబ్బరుకు చిన్న చిల్లు పడితే గరుకు కాగితంతో రుద్ది సైకిల్ ట్యూబు ప్యాచ్, సొల్యూషన్ వేసుకోవచ్చు. పీవీసీకి ఆ సొల్యూషన్ సరిగా పట్టదు, పీవీసీ జిగురే కావాలి.

పాత జతను పారేయకండి. మిగిలిన పెచ్చులు పోవాలని గోళ్ళరంగు తుడిచే ద్రవం మాత్రం పూయకండి, అందులోని అసిటోన్ పీవీసీని మెత్తబరిచి జిగటగా చేస్తుంది. చీలమండకు రెండు సెంటీమీటర్ల పైన చుట్టూ టేపు అతికించి, దాని అంచు వెంట పదునైన కత్తెరతో కోసి, కోతను గరుకు కాగితంతో నున్నగా చేయండి. ఇంకో పలుచని ఇన్‌సోల్ లోపల వేస్తే వదులు కూడా తగ్గుతుంది. మొక్కలకు నీళ్ళు పోసేటప్పుడు, వాకిలి కడిగేటప్పుడు కాళ్ళు దూర్చుకుని పోవడానికి పనికొస్తాయి. పైనుంచి కోసిన గొట్టాల మీద పూలు చెక్కుచెదరలేదు గనక, వాటిని నిలువుగా చీల్చి పరిస్తే తడి గొడుగు పెట్టుకునే సంచికి అడుగున వేసుకోవచ్చు.